మా ముందుగది పునర్వ్యవస్థీకరణ

మన దేశంలో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ 1956లో జరిగింది. దానికి ముందు ముగ్గురు పెద్దమనుషులతో ఒక సంఘం వేశారు. వాళ్ళు ఇంచుమించు రెండేళ్ళపాటు దేశమంతా తిరిగి, పదిమంది మాటా విని, 1955లో నివేదిక సమర్పించారు. మా ముందుగది పునర్వ్యవస్థీకరణ జరిగి ఏడాది కూడా కాలేదు. దానికీ ముగ్గురమే సభ్యులం. నేనూ, మా ఆవిడా, మా అమ్మా. అధ్యక్షుణ్ణి నేనేనని నేననుకున్నాను. దేశమంతా తిరగలేదు సరికదా, పక్కగదిలో ఉన్న మనిషిని కూడా అడగలేదు. నివేదిక ఒక్క పూటలో తయారుచేశాను.

మాది రాజమండ్రి. ముప్ఫైనాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, పదవీ విరమణ చేసి, ఇప్పుడు ఇంట్లో చెబుతున్నాను. వినేవాళ్ళు తక్కువ. మా ముందుగది పొడుగు 14 అడుగులు, వెడల్పు 11 అడుగులు. తూర్పుగోడకి ఉత్తరపు చివర వీధిగుమ్మం, దక్షిణపు వైపు కిటికీ. దక్షిణపు గోడకి అమ్మ గది గుమ్మం. పడమటి గోడకి వంటింట్లోకీ స్నానాల గదిలోకీ పోయే గుమ్మం. పాఠకులు ఈ దిక్కులు కొంచెం గుర్తుంచుకోవాలి. తరవాత పని పడుతుంది.

మనుషులు కాపరముండే గది కనీసం తొమ్మిదిన్నర చదరపు మీటర్లయినా ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉంది. అంటే సుమారు 102 చదరపు అడుగులు. మా గది 154. ఒకటిన్నర రెట్లు. అయినా ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు సోఫాలో కూచోవలసి వచ్చేది. నియమావళి గోడల సంగతి చెబుతుంది గాని సోఫాల సంగతి చెప్పదు.

నా చిన్నతనంలో కోనసీమలో మా ఇంట్లో ఈ బాధ లేదు. సామాను సర్దుకోవడమనే మాటే మేము వినలేదు. ఎవరైనా వస్తే చాప పరిచేవారు. వాళ్ళు వెళ్ళిపోతే చాప చుట్టి మూల నిలబెట్టేవారు. భోజనానికి పీటలు వచ్చేవి, భోజనం కాగానే వెళ్ళిపోయేవి. రాత్రి మడతమంచాలు వచ్చేవి, తెల్లారేసరికి గోడకి జారబడేవి. మనుషులతోపాటు సామానూ నడిచేది. సోఫాలనేవి వచ్చాకే సామాను ఒకచోట పాతుకుపోయి, మనిషి దాని చుట్టూ తిరగవలసి వచ్చింది. ఆ పైన టీవీ వచ్చింది. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం మొదలైనప్పుడు మా ఇంట్లో కుర్చీలన్నీ ఒకవైపుకి తిరిగి కూచున్నాయి. రామాయణం అయిపోయింది గాని కుర్చీలు మళ్ళీ ఇటు తిరగలేదు.

పాత ఇంట్లో కదలని వస్తువు ఒక్కటే ఉండేది. అది మా నాన్నగారి పడక కుర్చీ.

ఆ కుర్చీదీ నాదీ ఒకటే ఈడు. 1958లో నేను పుట్టిన నాలుగు నెలలకి నాన్నగారు దాన్ని రాజమండ్రిలో చేయించారు. ఆ రోజుల్లో ఎగువ అడవుల్లో కొట్టిన టేకు దుంగలు తెప్పలు కట్టి గోదారి మీద ఇక్కడిదాకా వచ్చేవి. అటువంటి టేకుతో చేసిన కుర్చీ అది. పేము అల్లిక. కుర్చీ చేతులకింద మరొక జత చేతులుంటాయి. వాటిని ముందుకి తిప్పితే బారుగా చాచుకుంటాయి. కాళ్ళు వాటిమీద చాపుకుని వెనక్కి వాలితే జమీందారు కూడా మనకి లోకువగా కనిపిస్తాడు. కాలవ పడవలో దాన్ని ఊరు తెచ్చారు. పేము మూడుసార్లు తెగితే మూడుసార్లు అల్లించారు. టేకు మాత్రం చెక్కు చెదరలేదు.

1986 ఆగస్టులో గోదారికి వచ్చిన వరద మా వైపు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగి కోనసీమలో ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. మా ఇంట్లోకి నడుంలోతు నీళ్ళు వచ్చాయి. నాన్నగారు ఆ అర్ధరాత్రి పాలేరుని కేకేసి, ఇద్దరూ కలిసి ముందుగా ఆ కుర్చీని అటకెక్కించారట. తరవాత బియ్యం బస్తాలు. తరవాత మనుషులు. ఈ కథ మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకుని నవ్వుకున్నాం. అమ్మ కూడా నవ్వేదనే నా జ్ఞాపకం.

నాన్నగారు 2009లో పోయారు. ఊళ్ళో ఇల్లు అమ్మేసి అమ్మని తీసుకొచ్చేటప్పుడు, అమ్మ ఒక ట్రంకుపెట్టె, ఒక రోలు, తులసికోట మట్టి ఇంత మూటగట్టుకుని బయలుదేరింది. కుర్చీని లారీ ఎక్కించింది నేను. అమ్మకి కళ్ళెదుట ఉంటుంది, ఆయన్ని చూసుకున్నట్టుంటుంది అని అందరితో చెప్పాను. తీరా ఇక్కడికి వచ్చాక అమ్మ ఒక్కనాడు కూడా దాంట్లో కూచోలేదు. ఆయన కుర్చీ గనక గౌరవంచేత కూచోవడం లేదనుకుని, నేనే కూచోవడం మొదలుపెట్టాను. కిటికీకి వీపు పెట్టి వేసుకుంటే వెలుతురు భుజం మీదనుంచి పత్రిక మీద పడుతుంది. ఫాను గాలి ఎదురుగా వస్తుంది. చేతులు చాపితే మాత్రం అమ్మ గది గుమ్మానికి కొంచెం అడ్డం వస్తుంది. పడుకునేముందు మళ్ళీ లోపలికి తిప్పేస్తే సరిపోతుంది. నేను తిప్పేవాణ్ణి. సాధారణంగా.

పోయిన కార్తీకమాసంలో ఒకనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకి ముందుగదిలో ధన్‌మని చప్పుడైంది. కార్తీక స్నానానికి లేచింది అమ్మ. ఎనభై అయిదేళ్ళ మనిషి. మాకు నిద్రాభంగమవుతుందని లైటు వెయ్యదు. దీపం లేకపోయినా నా ఇల్లు నాకు తెలీదా అంటుంది. మేము పరుగెత్తుకొచ్చేసరికి తన గది గుమ్మం ముందు, కుర్చీకీ టీపాయికీ మధ్య, ఒక పక్కకి ఒరిగి పడి ఉంది. ఏడవలేదు. "కొంగు సర్దవే అమ్మాయ్" అంది మా ఆవిడతో.

తుంటి ఎముకకి సన్నని బీట. దేవుడి దయవల్ల ఆపరేషను లేకుండా పోయింది గాని, ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. "ఈ వయసువాళ్ళు వీధిలోకంటే ఇంట్లోనే ఎక్కువ పడతారండీ. ఇల్లంతా సామాను పెట్టుకుంటాం కదా!" అన్నాడు డాక్టరు, ఎక్సురే పటం దీపానికి పెట్టి చూస్తూ.

ఆసుపత్రినుంచి నేను ముందుగా ఇంటికి వచ్చాను, బట్టలూ చెంబూ పట్టుకెళ్ళడానికి. ముందుగదిలో ఎవరూ లేరు. టీపాయి కొంచెం వంకరగా జరిగి ఉంది. పడక కుర్చీ కుడిచెయ్యి బారుగా చాచుకుని ఉంది. ముందు రాత్రి సీరియల్ కథ చివరి పేజీలో పడి నేను వదిలేసింది వదిలేసినట్టే ఉంది. నేను ఒక్క నిమిషం నిలబడ్డాను. తరవాత దాన్ని లోపలికి తిప్పేసి, చెంబు తీసుకుని వెళ్ళిపోయాను.

సాయంత్రం మా అమ్మాయి బెంగుళూరునుంచి ఫోను చేసి, "ఎలా పడింది నాన్నా మామ్మ?" అంటే, "టీపాయి తగిలిందమ్మా" అన్నాను. చూడడానికి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాను. రెండోరోజుకి నాకే నమ్మకం కుదిరింది. మూడోరోజున టీపాయిని నేనే మేడమీద గదిలో పడేశాను. అది మా ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో తన మొదటి నెల జీతంతో కొన్నది. నల్లటి సన్మైకా పైపలక. ఆవిడ దానివంకా చూసింది, నావంకా చూసింది, ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండునని నాకు ఆరు వారాలూ అనిపిస్తూనే ఉంది.

ఆరు వారాలు గడిచాయి. సంక్రాంతి పదిహేను రోజుల్లోకి వచ్చింది. కసరత్తు చేయించే అమ్మాయి వచ్చి, అమ్మని మంచం మీద కూచోబెట్టి, నాలుగు కాళ్ళ వాకరు చేతికిచ్చి, రెండడుగులు వేయించింది. పోతూ పోతూ ముందుగదిలో ఆగి చుట్టూ చూసింది. "మేష్టారూ, వాకరు వెడల్పే రెండడుగులుంటుంది. మూడడుగుల దారి తిన్నగా ఉండాలి. మలుపులూ, తివాచీ అంచులూ, వైర్లూ ఉండకూడదు. మామ్మగారు మళ్ళీ పడితే ఇంక మంచమే" అంది.

ఆ రాత్రి నేను గ్రాఫు కాగితం తీశాను.

అడుగుకి అరంగుళం లెక్కన గది ఏడంగుళాలు, అయిదున్నర అంగుళాలు. టేపు పట్టి ప్రతి సామానూ కొలిచాను. పెద్ద సోఫా ఆరున్నర అడుగులకి మూడు, అంటే పందొమ్మిదిన్నర చదరపు అడుగులు. చిన్న సోఫాలు రెండూ పద్ధెనిమిది. దివాన్ పదిహేను. టీవీ బల్ల ఆరు. అద్దాల బీరువా అయిదు. పడక కుర్చీ రెండున్నరకి మూడున్నర, ఎనిమిదీ ముప్పాతిక. వెరసి డెబ్బైరెండుంపావు. గదిలో సగం 77. "చూశావా, సగం గది ఖాళీయే. ఉన్నదాన్ని సర్దుకోవడం తెలియక ఇన్నాళ్ళూ అవస్థ పడ్డాం" అన్నాను మా ఆవిడతో. ఆవిడ కాగితం మీద వేలు పెట్టి అంకెలన్నీ చదువుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి, మళ్ళీ నావంక చూసింది. "బాగుందండీ" అంది.

కొలతల ప్రకారం ముక్కలు కత్తిరించడానికి దళసరి కాగితం కావలసి వచ్చింది. ఇంట్లో దళసరి కాగితమంటే శుభలేఖలే. ఆ సంవత్సరం వచ్చిన పదకొండు శుభలేఖలూ కత్తిరించాను. దివాన్ ఒక బంగారురంగు లేఖలో వచ్చింది. పెద్ద సోఫా ముక్క మీద సరిగ్గా విఘ్నేశ్వరుడు పడ్డాడు. "ఆయనమీద కూచుంటారా?" అంది మా ఆవిడ. తిప్పి వేశాను. ఆ ముక్కలు అటు జరిపీ ఇటు జరిపీ రాత్రి పన్నెండు దాటింది. లెక్కలు చెప్పిన ముప్ఫైనాలుగేళ్ళలో అంత సుఖంగా ఎప్పుడూ పనిచేసి ఎరగను. కాగితం సోఫాకి బరువుండదు. గోడలోంచి ప్లగ్గులు పొడుచుకు రావు.

నా ప్రణాళిక ఇది. దక్షిణపు గోడకున్న పెద్ద సోఫా, బీరువాతోనూ ఒక చిన్న సోఫాతోనూ కలిసి ఉత్తరపు గోడకి వెళుతుంది. ఉత్తరపు గోడకున్న టీవీ పడమటి గోడకి. రెండో చిన్న సోఫా వీధిగుమ్మం పక్కకి. దివాన్ దక్షిణపు గోడకి, అమ్మ గుమ్మం దాటాక. కిటికీ దగ్గర పడక కుర్చీ ఎక్కడున్నది అక్కడే. దాని కొస సరిగ్గా అమ్మ గుమ్మం మొదలయ్యేచోట ఆగుతుంది. గీత గీసినట్టు ఆగుతుంది. మధ్యన అయిదున్నర అడుగుల రాజబాట.

వీధి చివరి ఒక పెద్దాయన సంగతి విని వచ్చాడు. బరువంతా నైరుతిలో ఉండాలనీ, ఈశాన్యం తేలిగ్గా ఉండాలనీ, నేను చేస్తున్నది తద్విరుద్ధమనీ చెప్పాడు. నేను శాస్త్రచర్చకి సిద్ధపడుతూండగా మా ఆవిడ కాఫీ తెచ్చి, "బాబాయిగారూ, మా అత్తయ్యగారు పడకుండా ఉండే దిక్కేదో చెప్పండి, అన్నీ అటే పెడతాం" అంది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

సామాను కదిపిన రోజు గురించి ఎక్కువ చెప్పను. పక్కింటి కుర్రాళ్ళు ఇద్దరు సాయం వచ్చారు. కాళ్ళకింద గోనెసంచులు వేసి లాగితే గచ్చు గీరుకోకుండా సోఫా పడవలా జారుతుందని ఆ రోజే తెలిసింది. బీరువా ఖాళీ చెయ్యకుండా కదపవచ్చునన్న నా అంచనా మాత్రం తప్పు. దాంట్లోని పుస్తకాలు తీసి దింపడానికి గంటన్నర, తీసినవి చదువుతూ కూచోవద్దని మా ఆవిడ నన్ను లేపడానికి మరొక అరగంట పట్టింది. దివాన్ కింద ఒక చదరంగం బంటు, రెండు గోళీలు, మా అమ్మాయి చిన్నప్పటి జడగంట ఒకటి, 2012 నాటి కరెంటు బిల్లు దొరికాయి. బిల్లు కట్టే ఉంది. టీవీ ప్లగ్గు ఉత్తరపు గోడకే ఉండిపోయింది. వైరు గోడవెంట తిప్పడానికి ఎలక్ట్రీషియన్ కుర్రాడు పదిహేనడుగులు కావాలన్నాడు. గ్రాఫు కాగితం మీద నేను ప్లగ్గులు గుర్తించలేదు.

మధ్యాన్నం రెండు గంటలకి గది కాగితం మీద ఉన్నట్టే తయారైంది. కుర్రాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఒళ్ళు హూనమైపోయింది. పడక కుర్చీలో కూలబడ్డాను. కాళ్ళు పీకుతున్నాయి. అలవాటు ప్రకారం చేతులు బారుగా చాపి, కాళ్ళు వాటిమీద వేసుకుని, నా సామ్రాజ్యం చూసుకుంటున్నాను.

"ఒకసారి నడిచి చూద్దామా, అత్తయ్యగారిని లేపేముందు?" అంది మా ఆవిడ. వాకరు తీసుకుని అమ్మ గదిలోకి వెళ్ళింది. అమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూచుని వత్తులు చేసుకుంటోంది. మా ఆవిడ కొంచెం వంగి, అచ్చం అమ్మలాగే చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ, వాకరు తోసుకుంటూ గుమ్మం దాటింది.

ధన్‌మంది.

వాకరు కాలు కుర్చీ చేతికి కొట్టుకుంది. ఇనుముకి టేకు తగిలిన చప్పుడు. గది మధ్యన అయిదున్నర అడుగుల రాజబాట అలాగే ఉంది. మా ఆవిడ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. నేను కాళ్ళు తీసేశాను. చెయ్యి తిప్పబోయాను.

"ఉండనివ్వండి. ఆ కుర్చీ కొలత ఎంత రాశారు?" అంది.

"మూడున్నర."

"చేతులు చాపితే?"

నేను మాట్లాడలేదు. అయిదున్నర. అయిదున్నరయితే కుర్చీ ఎనిమిదీ ముప్పాతిక కాదు, పదమూడూ ముప్పాతిక. మొత్తం డెబ్బైయేడుంపావు. సగం దాటి పావు అడుగు ఎక్కువ. ఆ సమయంలో కూడా నా బుర్ర లెక్క కట్టింది. సిగ్గుచేటు.

లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఆ చప్పుడేరా అబ్బాయ్! ఆ రోజు కూడా అదే చప్పుడు."

ఇద్దరం లోపలికి వెళ్ళాం. అమ్మ వత్తులు చెయ్యడం ఆపలేదు. నేను మంచం పక్కన నిలబడి, "అమ్మా, ఆ రోజు టీపాయి కాదు. కుర్చీ చెయ్యి నేను చాపి వదిలేశాను. పొద్దున్న నేనే వచ్చి మళ్ళీ లోపలికి తిప్పేశాను" అన్నాను. చెప్పేటప్పుడు మా ఆవిడవైపు చూడలేకపోయాను.

"టీపాయి ఎత్తెంతరా?" అంది అమ్మ.

"అడుగున్నర."

"మోకాలి కిందకి వస్తుంది. నాకు దెబ్బ తగిలింది తొడమీద. అరచెయ్యంత మచ్చ, నల్లగా కమిలిపోయింది. అమ్మాయే కదా రోజూ కొబ్బరినూనె రాసింది!"

అప్పుడు మా ఆవిడవైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. లెక్కల మేష్టరు నేను. ఎత్తులు చూసి లెక్క తేల్చినవాళ్ళు వాళ్ళిద్దరూ. ఆరు వారాలు తేల్చిన లెక్క నోట్లో పెట్టుకుని, మేష్టరు తనంతట తాను చేస్తాడేమోనని చూశారు.

"మరి చెప్పలేదేమే?" అన్నాను ఆవిడతో.

"మీరు చెబుతారని" అంది. ఆ తరవాత, "టీపాయి కిందికి తెప్పించండి" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఈ రోజుదాకా అనలేదు.

నాకు మాత్రం ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. "ఆ కుర్చీ ఇవాళే తీసేయిస్తానమ్మా. నాన్నగారి గుర్తని నీకోసం అట్టేపెట్టాను గాని..." అన్నాను.

అమ్మ వత్తి పక్కన పెట్టింది. "నాకోసమా? నేనెప్పుడడిగాన్రా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీ నాన్నగారు ఉన్నప్పుడు కూడా అది అడ్డమే. సావిట్లో నట్టనడుమ వేసుకునేవారు. కాళ్ళు చాపుకుని కూచుంటే, చంకన పిల్లాడూ చేతిలో మజ్జిగ చెంబూ పట్టుకుని నేను చుట్టూ తిరిగి రావాలి. లేవమనడానికి లేదు. యాభై ఏళ్ళు చుట్టూ తిరిగాను. ఆ వరదలో చూడు, కుర్చీని అటకెక్కించారు. ఆ ఏడు పెట్టిన ఆవకాయ, మాగాయ, అయిదు జాడీలు, మా అమ్మ ఇచ్చిన జాడీలు, చూస్తూండగా గుమ్మం దాటి కొట్టుకుపోయాయి. జాడీలండీ అని అరిచాను. కుర్చీ పట్టుకున్నవాడికి చేతులెక్కడ ఖాళీ?"

ఆ వరద కథ మా ఇంట్లో ఇరవైసార్లు చెప్పుకుని ఉంటాం. జాడీల మాట నేను వినడం అదే మొదలు. లేకపోతే అమ్మ చెబుతున్నప్పుడు మేము నవ్వుతూ ఉండి ఉంటాం.

"ఆయన మీద నాకేం కోపం లేదురా. మనిషి మంచివాడు. కుర్చీయే పొడుగు" అంది.

సాయంత్రం వడ్రంగిని పిలిపించాను. ముసలివాడు, పని తెలిసినవాడు. చేతులు కోసేద్దామా అంటే నావంక అదోలా చూశాడు. "కోత ఎందుకు బాబూ, అరవై ఏళ్ళనాటి టేకుని? ఒక్కొక్క చేతికి ఒక్కొక్క మరమేకే గదా" అని, కింద పడుకుని, రెండు మరమేకులూ ఊడదీసి, చాపుడు చేతులు రెండూ చంకన పెట్టుకుని లేచాడు. పది నిమిషాల పని. పదిహేనేళ్ళలో ఏ రోజునైనా చెయ్యవలసింది. ఆ చేతులిప్పుడు పాత పేపర్ల పక్కన అటకమీద ఉన్నాయి. కుర్చీ వీధి అరుగుమీదకి వెళ్ళింది. టీపాయి దాని పక్కకి వచ్చింది. ఆ రెంటినీ పక్కపక్కన వేసింది మా ఆవిడ. కావాలనే వేసిందో, చోటు కుదిరి వేసిందో నేను అడగలేదు.

మళ్ళీ గ్రాఫు కాగితం తియ్యలేదు. ఈసారి అమ్మని మంచం మీదనే అడిగాం. నీకెక్కడ కూచోవాలని ఉందమ్మా అని. "కిటికీ దగ్గర. కూరలమనిషి కేక వినిపిస్తుంది గాని మనిషి కనిపించదు నాకు. పదిహేనేళ్ళయింది ఆవిడ గొంతు వింటున్నాను, మొహం ఎరగను" అంది. దివాన్ కిటికీకిందకి జరిపాం. దక్షిణపు గోడ అమ్మ గుమ్మంనుంచి పడమటి గుమ్మందాకా పూర్తిగా ఖాళీ అయింది. కింద తివాచీ లేదు, వైరు లేదు. రాత్రిపూట వెలిగే చిన్న దీపం ఒకటి గోడ అడుగున పెట్టించాం. దానికి మాత్రం అమ్మ, కరెంటు దండగ అంది. టీవీ సోఫాకి ఓరగా పడింది. చూడాలంటే మెడ కొంచెం తిప్పాలి. పండక్కి వచ్చిన మా అల్లుడు రెండు రోజులు మెడ తిప్పి, మూడోరోజున మానేసి, అమ్మతో వరద కబుర్లలో పడ్డాడు. అయిదు జాడీల్లో ఏయే ఊరగాయలున్నాయో అతనికి ఇప్పుడు వరసగా వచ్చు. మా అమ్మాయి వచ్చీ రాగానే గదంతా చూసి, ఇది ఏ పుస్తకంలో చూసి సర్దారు నాన్నా, బాగుంది అంది. నేను ఏమీ చెప్పలేదు. మా ఆవిడా చెప్పలేదు. అమ్మే, "మీ నాన్న రాత్రంతా శుభలేఖలు కత్తిరించాడే" అని చెప్పింది.

అమ్మ మొదటిసారి తనంతట తాను గదిలోంచి బయటికి వచ్చింది భోగి ముందురోజున. నేను వెనకాల రెండడుగుల దూరంలో నడుస్తున్నాను. పట్టుకోవద్దంది. వాకరు తోసుకుంటూ గుమ్మం దాటింది. ఎదురుగా నేల ఖాళీగా, నున్నగా ఉంది. కిటికీ దగ్గర దివాన్ మీద దుప్పటి పరిచి ఉంది. తిన్నగా వెళితే ఆరడుగులు.

అమ్మ తిన్నగా వెళ్ళలేదు. గుమ్మం దాటగానే ఆగి, వాకరుని ఎడమవైపుకి తిప్పి, మూడు చిన్న అడుగులు వేసి, మళ్ళీ కుడికి తిప్పి, అక్కడ లేని దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి వచ్చి దివాన్ మీద కూచుంది.

"అక్కడ ఏమీ లేదమ్మా ఇప్పుడు" అన్నాను.

"తెలుసురా" అంది అమ్మ, కొంగుతో మొహం తుడుచుకుని. "ఏదీ, కూరలమనిషి ఇంకా రాలేదా?"